మైకులో పడని మాట

ఆ మాట ముందు తను అన్నాడా, లేక ఆఫీసులో కాఫీలందించే కాఫీ అక్క అంటుంటే విన్నాడా? ఏళ్ళు గడిచినా తేలని ఈ అనుమానం ఆయనకు రోజూ ఒకచోటే గుర్తొస్తుంది. సమావేశ మందిరంలో పెద్ద బల్ల కింద మోకాళ్ళ మీద పాకుతూ, మైకుల తీగలు ఒక్కొక్కటే వేళ్ళతో తడిమి చూసుకునేటప్పుడు.

ఈ ఉదయం కూడా ఆయన బల్ల కిందే ఉన్నాడు. చీపురు తగిలి ఒక తీగ వదులైంది. దాన్ని బిగించి, నడుం పట్టుకుని లేచి, ప్యాంటు మోకాళ్ళు దులుపుకుని, గది మూలనున్న తన బల్ల దగ్గరికి వెళ్ళాడు. మెయిన్ స్విచ్చి వేసేముందు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత అధ్యక్షుడి కుర్చీ దగ్గరికి నడిచి, మైకు మెడ తన వైపు వంచి, "హలో, హలో. ఒకటి, రెండు, మూడు" అన్నాడు.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయన మైకులో అన్న మాటలు అవే. అందుకే ఆఫీసులో ఆయన్ని అందరూ హలోగారు అంటారు. కమిటీ సభ్యులకు మాత్రం, జుట్టు నెరిసిపోయినా, ఆయన ఇంకా "మైకబ్బాయ్".

ప్రభుత్వం ఏదైనా కొత్త నియమం తెచ్చేముందు జనాన్ని పిలిచి అభిప్రాయం అడిగేది ఆ గదిలోనే. పెద్ద బల్ల చుట్టూ సభ్యులు కూర్చుంటారు. వాళ్ళకు ఎదురుగా, కాస్త దూరంలో, ఒక చిన్న బల్ల, ఒక కుర్చీ, ఒక మైకు. జనంలోంచి ఒక్కొక్కరే వచ్చి ఆ కుర్చీలో కూర్చుని చెప్పుకోవాలి. ఎవరి వంతు వస్తే వాళ్ళ మీట హలోగారు పైకి తోస్తాడు. మైకు చుట్టూ ఎర్రదీపం వెలుగుతుంది. గడువు అయిపోగానే మీట కిందికి లాగుతాడు. దీపం ఆరిపోతుంది. మాట సగంలో ఉన్నా సరే. దీపం ఆరాక కూడా పెదవులు కదుపుతూ ఉండే మనుషుల్ని ఆయన ఎందరినో చూశాడు.

చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే గదిలో దాగేదేమీ లేదు. కాగితాల రెపరెపలు, గుటకలు, ఆకలికి ఒక సభ్యుడి కడుపు చేసే గోల, అన్నీ వినిపిస్తాయి. మైకు ఆపడం మరిచిపోయి సభ్యులు పక్కవాళ్ళతో గుసగుసలాడితే అవీ వినిపిస్తాయి. అలాంటప్పుడు ఆయనే ఆ మీట కిందికి లాగేస్తాడు. పరుల గుట్టు వినడం పాపమని ఆయన నమ్మకం.

ఒక్కసారి మాత్రం లాగలేదు.

అప్పట్లో ఆయన తల్లి పెద్దాసుపత్రిలో ఉండేది. రోగుల్ని చూడటానికి మధ్యాహ్నం ఒక గంటే లోపలికి వదిలేవారు. సరిగ్గా ఆ గంటలోనే ఇక్కడ మైకులు నడిచేవి. ఆయన బదులు కూర్చునేవాళ్ళు లేరు. ఆదివారం తప్ప అమ్మ ముఖం చూసే వీలు లేదు. కాఫీ అక్క భర్త కూడా అప్పుడు అదే ఆసుపత్రిలో, పక్క వార్డులోనే ఉన్నాడు. రంగులు వేస్తూ నిచ్చెన మీంచి పడి తొంటి విరగ్గొట్టుకున్నాడు. ఒకరోజు భోజనాల వేళ, కప్పులు కడిగే గదిలో డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు, ఇద్దరూ ఈ బాధే చెప్పుకున్నారు. అప్పుడే పుట్టింది ఆ మాట.

"రోగం వచ్చినవాళ్ళు మంచం మీద ఉంటారు, చూడాల్సినవాళ్ళు డ్యూటీలో ఉంటారు. ఇద్దరూ కలిసేదెప్పుడు?"

తనే అన్నానని ఆయనకు గట్టిగా గుర్తు. కానీ రాత్రిపూట నిద్ర పట్టక తలుచుకుంటే, ఆ వాక్యం చివర ఆవిడ గొంతు వినిపిస్తుంది.

కొద్ది రోజులకు ఆసుపత్రుల మీదే కమిటీ కూర్చుంది. విరామంలో కాఫీ వచ్చింది. కాఫీ సభ్యులకే లెక్క. అయినా అడుగున మిగిలింది కాఫీ అక్క రోజూ ఆయనకు తెచ్చిపోసేది. ఆ రోజు తెస్తూ తెస్తూ ఉంటే అప్పటి అధ్యక్షుడు, "ఇంకో కప్పు ఉందా అమ్మా?" అన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి, హలోగారి కాఫీని ఆ పెద్దాయన కప్పులో పోసింది. పోస్తూ ఆ మాట అనేసింది. అధ్యక్షుడి మైకు ఆపి లేదు. మూలన కూర్చున్న హలోగారి రెండు చెవుల్లోనూ తన మాట, ఆవిడ గొంతుతో, స్పష్టంగా మోగింది. చెయ్యి మీట మీదే ఉంది. లాగలేదు. అధ్యక్షుడు పకపకా నవ్వి, నవ్వాపి, "మళ్ళీ అను" అన్నాడు.

తర్వాతి ముసాయిదాలో ఆసుపత్రుల వేళలు మారిపోయాయి. సాయంత్రం డ్యూటీలు దిగాక చూసుకోవచ్చు. కాఫీ అక్క ఫొటో శాఖవారి పత్రికలో అచ్చయింది, చేతిలో ట్రేతో సహా. ఆ నియమం అమలులోకి వచ్చేలోపే ఆయన తల్లి పోయింది, ఒక పనిరోజు మధ్యాహ్నం.

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, తన మాట, తన కాఫీ, రెండూ ఆవిడ ఆ పెద్దాయనకు ధారపోసింది. మరునాడు ఆవిడ గ్లాసు పట్టుకొస్తే, "వద్దులే, వేడి చేస్తోంది" అన్నాడు. ఆ మరునాటి నుంచి ఇంటి దగ్గర నుంచే ఫ్లాస్కు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

* * *

ఈ ఉదయం ఆ ఫ్లాస్కు నింపుతూ భార్య అంది. "ఇవాళ మీ కాఫీ అక్కకి ఆఫీసులో ఆఖరి రోజటగా? ఇవాళైనా ఆవిడ చేతి కాఫీ తాగకూడదూ?"

"నీకు తెలీదులే."

"తెలియకేం? ఇన్నేళ్ళుగా పొద్దున్నే లేచి మీ కుళ్ళుకి కాఫీ కాచి పోస్తున్నది నేనే కదా!" అని మూత బిగించి చేతికిచ్చింది.

ఆయన చెప్పులు వేసుకుని గడప దాటాడు. మీకు స్విచ్చి నొక్కితే తప్ప మాట రాదు, అని ఆవిడ వెనకనుంచి అంటూనే ఉంది.

బస్సు ఆసుపత్రి ముందునుంచే వచ్చింది. గేటు పక్కన బోర్డు మీద సందర్శకుల వేళలు పెద్ద అక్షరాలతో ఉన్నాయి. రోజూ అటు చూడకూడదనుకుంటాడు. రోజూ చూస్తాడు. ఆ బోర్డు చూసినప్పుడల్లా గుండెల్లో ఎవరో చిన్న మంట వెలిగించి వెళ్ళినట్టుంటుంది. ఎంతోమంది తల్లులు తమ పిల్లల్ని చూసుకుంటున్నారు, సంతోషించాలి కదా అని తనకు తానే చెప్పుకుంటాడు. దేవుడి ముందు నిలబడి కూడా చెప్పుకున్నాడు. మంట మాత్రం ఆరలేదు. మంచి జరిగినందుకు కాదు బాధ, అది తన పేరు మీద జరగనందుకు. ఈ సంగతి దేవుడికి తెలియదా? తెలిసినవాడికి మళ్ళీ చెప్పడమెందుకని ఆ ప్రార్థన మానేశాడు.

ఈవేళ కాలిబాటల మీద చర్చ. కాలిబాటలు నడిచేవాళ్ళవా, అమ్ముకునేవాళ్ళవా అన్నది తేల్చాలి. మొదట దుకాణదారుల సంఘం తరఫున వకీలు మాట్లాడాడు. ఆయన మైకులో చెప్పింది తక్కువ. "నా మనవి రాతపూర్వకంగా సమర్పించాను" అని కూర్చున్నాడు. తర్వాత కూరగాయలమ్మే ముసలామె వచ్చింది. కుర్చీలో కూర్చోవడానికి భయపడి నిలబడే మాట్లాడింది. నోరు మైకుకు అందలేదు.

"కూర్చోమ్మా, దగ్గరికి జరిగి చెప్పు" అన్నాడు అధ్యక్షుడు.

"కూర్చుంటే లేవలేను బాబూ. నా మోకాళ్ళు మీకేం తెలుసు?" అందామె. గదంతా నవ్వింది. నవ్వులోనే గడువు సగం కరిగిపోయింది. ఆమె తన చోటు గురించి మొదలుపెట్టేసరికి హలోగారి వేలు మీట మీదికి వెళ్ళింది. దీపం ఆరింది. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. హెడ్‌ఫోన్‌లో ఏమీ లేదు.

విరామంలో అందరూ వరండాలోకి వెళ్ళారు. చేతులు కడుక్కునే చోట వకీలు ఒక సభ్యుడి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. సభ్యుడు తువాలుతో చేతులు తుడుచుకుంటూ తలాడిస్తున్నాడు. హలోగారు గాజు తలుపులోంచి చూశాడు. మైకులో పడిన మాటలు ఫైళ్ళలోకి పోతాయి, చేతులు తుడుచుకుంటూ విన్న మాటలు ముసాయిదాలోకి పోతాయి. ఇది ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరడిగారు గనుక? కమిటీలు నిర్ణయిస్తాయని పేపర్లు రాస్తాయి. జనమే నిర్ణయిస్తారని అధ్యక్షుడు ప్రతిసారీ మొదట్లో అంటాడు. అసలు ఎవరు నిర్ణయిస్తారో తనకు ఈనాటికీ అర్థం కాలేదు. ఒకటి మాత్రం చూశాడు: ఆ మైకు ముందు ఎందరో ఏడ్చారు, ఏ నియమమూ కదల్లేదు. ఒక కప్పు కాఫీ పోస్తూ అన్న మాటకు ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. అదీ దొంగమాట.

వరండాలో గోడకు ఆనించి కొత్త కాఫీ మిషను అట్టపెట్టె ఉంది. ఖర్చులు తగ్గించే కమిటీ ఒకటి పోయిన నెల కూర్చుని తేల్చిన సంగతి అది. రేపటి నుంచి మీట నొక్కితే కాఫీ. ఆ కమిటీకి కూడా కాఫీ పోసింది కాఫీ అక్కే. ఆ రోజు ఆవిడనెవరూ ఏమీ అడగలేదు. సభ్యులు మిషను సంగతి మాట్లాడుకుంటున్నప్పుడు హలోగారు హెడ్‌ఫోన్‌లో విన్నాడు. లోపల ఏదో మూల తీయగా అనిపించింది. వెంటనే లెంపలు వేసుకున్నాడు. కానీ తీయగా అనిపించిన మాట నిజం.

ఆవిడ ట్రేతో వచ్చింది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ట్రే మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. అలవాటుగా ఆయన బల్ల ముందు ఆగింది.

"అన్నయ్యా, ఇవాళైనా తాగుతారా? రేపట్నుంచి ఇద్దామన్నా నేనుండను."

"వేడి చేస్తోందమ్మా."

"ఇన్నేళ్ళుగా వేడేనా? ఏం వేడన్నయ్యా అది, డాక్టరుకి చూపించుకోకూడదూ?" నవ్వి వెళ్ళిపోయింది.

ఆయన ఫ్లాస్కు తీశాడు కానీ మూత విప్పలేదు. అడగాలి. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ అడగలేడు. ఆ మాట నీదా నాదా అని అడగాలి. ఈ వయసులో, ఒక ఆడమనిషిని ఆపి, నా మాట దొంగిలించావా అని ఎలా అడగడం?

* * *

మధ్యాహ్నం చర్చ ముగిశాక అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "వెళ్ళేముందు ఒక్కమాట. ఈ గదిలో విధానాలు ఎవరు చేస్తారని బయట చాలామంది అడుగుతుంటారు. మా కాఫీ అక్క చేసిందని చెబుతాను నేను!" అని ఆసుపత్రి కథంతా చెప్పాడు. ఆయన ఆ రోజుల్లో ఇక్కడ లేనేలేడు. అయినా ఎదురుగా ఉండి చూసినట్టే చెప్పాడు. పిట్ట కొంచెం కూత ఘనం అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ముసలి కూరగాయలామె కూడా కొట్టింది.

"రామ్మా, ఇలా వచ్చి నాలుగు మాటలు చెప్పు" అన్నాడు అధ్యక్షుడు.

కాఫీ అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, చిన్న బల్ల ముందు కుర్చీలో అంచుమీద కూర్చుంది. ఎర్రదీపం వైపు చూసి, హలోగారి వైపు చూసింది.

ఆయన వేలు మీట మీద ఉంది. ఇన్నేళ్ళలో ఆయన ఎవరి మీటా ఆలస్యం చేయలేదు. దొంగ అయినా దొర అయినా వంతు వస్తే పైకి తోశాడు. ఇప్పుడు చెయ్యి కదల్లేదు. ఫొటో చాలదూ? కథలు చాలవూ? మైకు కూడా కావాలా? నేను హలో తప్ప అనలేదే ఇందులో! మీటను పైకి తోస్తున్నట్టు వేలు కదిపాడు, కానీ తోయలేదు. పైగా హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేశాడు.

ఆవిడ పెదవులు కదిలాయి. ఏదో చెప్పింది, మధ్యలో ఆగి, ఆయన మూల వైపు చెయ్యి చూపించింది. అధ్యక్షుడు పక్కసభ్యుడితో ఫైలు గురించి మాట్లాడుతున్నాడు. వెనక వరసల్లో ఎవరో "వినపట్లేదు" అన్నారు. ఇంకెవరో ఊరుకోమన్నారు. ఆవిడ చేతులు జోడించి లేచింది. ఏమీ వినని జనం ఇంకాస్త గట్టిగా చప్పట్లు కొట్టారు.

గది ఖాళీ అయింది. ఆయన తీగలు చుట్టలేదు, స్విచ్చి ఆపలేదు, కుర్చీలో అలాగే కూర్చున్నాడు. చెయ్యకూడని పని చేసిన చెయ్యి ఒళ్ళో పడి ఉంది. సంచి భుజానికి తగిలించుకుని ఆవిడ మళ్ళీ వచ్చింది. ట్రే అప్పగించేసినట్టుంది, చేతులు ఎటు పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాయి.

"వెళ్ళొస్తానన్నయ్యా. వెనకాలవాళ్ళకి వినపళ్ళేదంటున్నారు, మైకు పాడైందా?"

ఆయన హెడ్‌ఫోన్ తీగను వేలికి చుట్టుకున్నాడు.

"పోన్లెండి. మీరు విన్నారుగా, చాలు. అది మీ కోసమే చెప్పింది."

"నేను వినలేదమ్మా."

"అయ్యో రామా! చెవులకి అంతంత పెట్టుకుని కూర్చుని వినకపోవడమేంటి?"

"మైకు పాడవలేదు" అన్నాడాయన. "నేను వెయ్యలేదు."

ఆవిడ ఎందుకని అడగలేదు. సంచి దించి, బల్ల అంచును ఆనుకుని నిలబడింది.

"ఆ మాట నాది కాదని చెప్పాను. మీ అమ్మగారిదని చెప్పాను."

"మా అమ్మదా?"

"మా ఆయన్ని చూడ్డానికి నేను డ్యూటీ దిగాక ఆసుపత్రి వంటగది గేటులోంచి పోయేదాన్నన్నయ్యా. చేతిలో ఫ్లాస్కుంటే ఎవడూ ఆపడు, ఆసుపత్రి మనిషే అనుకుంటాడు. పక్క వార్డులో మీ అమ్మగారు. మీతో పని చేస్తానని చెప్పా. ఇక చూస్కోండి, రోజూ నాకోసం ఎదురుచూపులే. సగం కాఫీ మా ఆయనకి, సగం ఆవిడకి. ఒకరోజు తాగుతూ తాగుతూ అన్నారు ఆ మాట. తెల్లారి అదే మాట మీరన్నారు, కప్పులు కడిగే గదిలో. అక్షరం పొల్లుపోలేదు. తల్లీకొడుకులు ఒకరికి తెలీకుండా ఒకరు ఇదే అనుకుంటున్నారే అని నాకు ఏడుపొచ్చింది. మీతో పాటు నేనూ అనేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టేయించుకున్నారు. పరాయిది వచ్చి చూస్తోంది, నేను పోలేకపోతున్నానే అని మావాడు కుమిలిపోతాడు, చెప్పకే అన్నారు. ఆవిడ పోయాక చెబుదామంటే మీరు నా మొహమే చూట్టం మానేశారు. ఆ పెద్దాయనకి చెప్పా, ఇది నా మాట కాదండీ అని. ఎవరిదైతేనేం అన్నాడాయన. ఫొటో తీసేశారు."

హలోగారు కళ్ళు మూసుకున్నాడు. ఆయన తండ్రి గోదాముకు రాత్రి కాపలా. చిన్నప్పుడు, తెల్లవారుజామున వచ్చి పిల్లలు నిద్ర లేచేలోపు పడుకునే ఆ మనిషిని గురించి అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని అనేది: "చూడాల్సినవాళ్ళు నిద్రలో, రావాల్సినవాడు డ్యూటీలో. ఇద్దరూ కలిసేదెప్పుడురా?" ఎన్నిసార్లు విన్నాడో! విని విని, తనదే అనుకున్నాడు. ఇన్నేళ్ళు ఎవరి మీద మండిపడ్డాడు తను? ఆ మాట అమ్మకు మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో.

"ఇంకోటి కూడా అన్నారు" అంది కాఫీ అక్క, వాతావరణం తేలిక చేద్దామన్నట్టు. "ఉత్తపుణ్యానికి తాగనే, నీ కాఫీ బాకీ ఉంచుకోను, మావాడి చేత పోయిస్తాలే అని. మీరేమో నా కాఫీయే ముట్టరాయె, ఇంక పోసేదెక్కడ!"

ఆయన లేచాడు. ఫ్లాస్కు చేతిలోకి తీసుకుని, ఆవిడ వైపు చూడకుండా, "కూర్చో" అన్నాడు.

"ఎక్కడన్నయ్యా?"

"అక్కడే. ఇందాక కూర్చున్నచోట."

ఆవిడ చిన్న బల్ల ముందు కూర్చుంది. ఈసారి అంచు మీద కాదు, వెనక్కి ఆనుకుని. ఆయన మూత విప్పి, దాన్నే గిన్నెలా పెట్టి, నిండా పోశాడు. కొంచెం ఒలికింది. చొక్కా చివరతో తుడిచాడు. అందరికీ పోసిన మనిషికి పోయడం ఎలాగో ఆయనకు తెలియలేదు. రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు.

ఆవిడ ఊదుకుంటూ తాగింది. "చక్కెర ఎక్కువేసింది వదిన. మీ నోరు చేదని తెలుసేమో."

ఆయనకు నవ్వు వచ్చింది. నవ్వుతుంటే కళ్ళు తడిసాయి.

"బాకీ చెల్లు" అంది, మూత బల్ల మీద పెట్టి లేస్తూ. సంచి తగిలించుకుంది. ఎడమ భుజం అలాగే కిందికి ఉంది. తలుపు దగ్గర తిరిగి, "ఇంటికి తీసుకురండి వదినని" అని, వరండాలో అట్టపెట్టెను తప్పుకుంటూ వెళ్ళిపోయింది.

హలోగారు తన మూలకు వచ్చి కూర్చున్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఇందాక తోయని మీటను మెల్లగా పైదాకా తోశాడు. దూరంగా చెప్పుల చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. చిన్న బల్ల మీద ఎర్రదీపం వెలుగుతోంది. దాని ఎదురుగా ఫ్లాస్కు మూత, అడుగున కొంచెం కాఫీతో, ఇంకా సన్నగా ఆవిరి వదులుతోంది.